నెల్లూరు మీదుగా డల్లాస్

చెన్నై మీనంబాకం నుంచి అమెరికాలోని డల్లాస్‌కి భూగోళం మీద అన్నిటికన్నా దగ్గరి దారి గీస్తే, ఆ గీత అరేబియా సముద్రం వైపు పోదు. తిన్నగా ఉత్తరానికి పోతుంది. నెల్లూరు, ఒంగోలు మీదుగా సాగి, వరంగల్‌కీ ఖమ్మానికీ మధ్య తెలంగాణ దాటుతుంది. జబల్‌పూర్ పక్కనుంచి నేపాల్ పడమటి కొస చేరువకు, అక్కణ్ణుంచి టిబెట్, సైబీరియాల మీదుగా ఉత్తర ధ్రువం దాపులకు పోతుంది. అవతలి పక్క కెనడా మంచులోకి దిగి, విన్నిపెగ్ చాయలనుంచి టెక్సస్ చేరుతుంది.

ఈ సంగతి నెల్లూరులో మా ఇంట్లో చెబితే మా ఆవిడ ఒక్కటే అడిగింది: "అయితే మన డాబా మీద నిలబడితే ఎక్కించుకుంటారా ఏమండీ?"

లెక్క పెద్ద విద్యేమీ కాదు. రిటైరయ్యేదాకా హైస్కూల్లో పిల్లలకు అక్షాంశాలూ రేఖాంశాలూ చెప్పినవాణ్ణి, కాగితం మీద పెన్సిలుతో వేశాను. చెన్నై తూర్పు రేఖాంశం 80 డిగ్రీల దగ్గర ఉంది, డల్లాస్ పశ్చిమ రేఖాంశం 97 దగ్గర. రెండూ కలిపితే 177. సరిగ్గా 180 అయితే రెండు ఊళ్ళూ ధ్రువానికి ఇటొకటి, అటొకటి ఎదురెదురుగా ఉన్నట్టు. మూడు డిగ్రీలు తక్కువ కాబట్టి మన గీత ధ్రువాన్ని తాకకుండా ఓ 350 కిలోమీటర్ల ఎడంగా పోతుంది. మొత్తం దూరం సుమారు 14,900 కిలోమీటర్లు. గోడకు వేలాడే పటం చూసి అమెరికా అంటే పడమరేనని మనం అనుకోవడానికి కారణం ఉంది. బత్తాయి తొక్కను బల్లమీద పరిచినట్టు గుండ్రటి భూమిని చదును చేసేటప్పుడు, ఒక్క చుక్కగా ఉండాల్సిన ధ్రువం పటం పై అంచు పొడుగునా సాగిపోయింది. గ్లోబు మీద దారం లాగి చూస్తే మూడో తరగతి పిల్లవాడికైనా అసలు దారి తెలిసిపోతుంది.

మా అమ్మాయి డల్లాస్ పక్కనే ఫ్రిస్కోలో ఉంటుంది. మే నెలలో రమ్మని టికెట్లు తీసింది. చెన్నై నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి డల్లాస్. టికెట్ మీద ఉన్న సమయాలు చూస్తే మొదట చాలా హాయిగా అనిపించింది. రాత్రి 9:45కి చెన్నైలో ఎక్కడం, మర్నాడు ఉదయం 9:40కి డల్లాస్‌లో దిగడం. పన్నెండు గంటలు కూడా లేదు! నెల్లూరు నుంచి విశాఖపట్నం రైల్లో పోయినంత సేపు. మధ్యలో పదిన్నర గంటలు గడియారం మింగేసిందన్న మాట అందులో ఎక్కడా ఉండదు. డల్లాస్ గడియారం వేసవిలో మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. నిజంగా గడిచేది ఇరవై రెండు గంటల పైమాటే.

అది కూడా విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి. మనిషి విమానాశ్రయంలో కాపురం ఉండడు గదా.

డల్లాస్‌కి చెన్నై కన్నా నెల్లూరే ఓ 160 కిలోమీటర్లు దగ్గర. ఆ దగ్గరితనాన్ని వదులుకుని దక్షిణంగా 175 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం చేస్తేగాని మాకు విమానం దొరకదు. దగదర్తిలో విమానాశ్రయం అని ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం. అందుకని గూడూరు, నాయుడుపేట, వెంకటగిరి, శ్రీకాళహస్తి వాళ్ళందరికీ ఈనాటికీ విదేశం పోవాలంటే మద్రాసే దిక్కు. మా వైపు పెద్దవాళ్ళు చెన్నై అనరు కూడా.

వీసా రోజుల నుంచే ఈ బంధం ఉంది. హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ తెరిచింది 2008లో. అంతకు ముందు ఆంధ్రదేశంలో ఏ మూల కుర్రవాడికైనా అమెరికా చదువంటే, ముందు మద్రాసు జెమినీ ఫ్లైఓవర్ పక్కన కాన్సులేట్ గోడ వెంబడి నిలబడడమే. రాత్రి రైలెక్కి తెల్లారేసరికి సెంట్రల్‌లో దిగి, ఏ బంధువుల ఇంట్లోనో స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫైలు చంకన పెట్టుకుని లైన్లో నిలబడ్డ పిల్లలు ఇవాళ అమెరికాలో యాభై దాటిన మనుషులు. మా అమ్మాయి తరానికి ఆ బాధ తప్పింది. విమానానికి మాత్రం మళ్ళీ అక్కడికే రావాలి.

మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. "రాత్రి ఫ్లైటుకి ఇంత ఎండలో ఎందుకయ్యా?" అంటే మా కారు డ్రైవరు ఒప్పుకోలేదు. "తడ దాకా నాది పూచీ సార్. రెడ్‌హిల్స్ తర్వాత ఆ దేవుడిది," అన్నాడు. సూళ్ళూరుపేట దగ్గర టీకి ఆగాం. తూర్పున పులికాట్ దాటితే శ్రీహరికోట. అక్కణ్ణుంచి లేచిన పీఎస్‌ఎల్‌వీ పదిహేడు, పద్దెనిమిది నిమిషాల్లో ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలేస్తుంది. మేము టీ తాగి, డ్రైవరు టైర్లలో గాలి చూసుకుని, మళ్ళీ రోడ్డెక్కడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

గుమ్మిడిపూండి దాటాక డ్రైవరు మాట అర్థమైంది. ఎన్నూరు, కాట్టుపల్లి రేవులకు పోయే కంటెయినర్ లారీలు ముందూ వెనకా. పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి, అంబత్తూరు, మధురవాయల్, పోరూరుల పక్కగా పెరుంగళత్తూరు దాకా కిందికి పోయి, అక్కణ్ణుంచి జీఎస్‌టీ రోడ్డు పట్టుకుని తాంబరం, క్రోంపేట, పల్లావరం దాటుతూ మళ్ళీ ఉత్తరంగా వెనక్కి రావాలి. మీనంబాకం చేరేసరికి సాయంత్రం ఆరు. నాలుగు గంటలు. తర్వాత చూస్తే, నెల్లూరు నుంచి మీనంబాకానికి పట్టినంత సేపే మీనంబాకం నుంచి దుబాయ్‌కి పట్టింది. ఇది 175 కిలోమీటర్లు, అది 2,900 పైన.

2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త టెర్మినల్ బాగుంది. పైకప్పుకీ గోడలకీ ముగ్గుల వాటం తెచ్చారు. కానీ చెన్నై విమానాశ్రయానికి ఉన్న స్థలం అంతే. ఒక పక్క అడయారు నది, ఇంకో పక్క పల్లావరం కొండలు, చుట్టూ ఊరు. రెండో రన్‌వేని నది మీద వంతెన కట్టి పొడిగించాల్సి వచ్చింది. 2015 డిసెంబరు వరదల్లో ఆ నదే పొంగి విమానాశ్రయాన్ని రోజుల తరబడి మూయించింది. అందుకే కాంచీపురం జిల్లా పరందూరులో రెండో విమానాశ్రయం అంటున్నారు, అక్కడి రైతులు వద్దంటున్నారు. పరందూరు ఎప్పుడొచ్చినా మా నెల్లూరు వాళ్ళకు దారి తగ్గుతుందని నాకేమీ నమ్మకం లేదు.

కౌంటర్ దగ్గర సగం మంది తెలుగే మాట్లాడుతున్నారు. తూకం దగ్గర గొడవ కూడా తెలుగులోనే. ఒకరి పెట్టెలోంచి కందిపొడి తీసి ఇంకొకరి పెట్టెలో సర్దడం, ఆవకాయ సీసా చేతిసంచిలో పెట్టుకోవచ్చా అని ఒకాయన అడగడం, నూనె ఉన్నది చేతిసంచిలో రానివ్వరని పక్కాయన చెప్పడం. మా ఆవిడ అన్నీ ఇంట్లోనే తూచి తెచ్చింది. ఆ విషయం చుట్టుపక్కల నలుగురికీ చెప్పింది కూడా.

ఇంతమంది అమెరికా పోతున్నప్పుడు నేరుగా ఒక విమానం వెయ్యరేం? లైన్లో నా వెనకున్నాయన ఇదే అడిగాడు, ఎవరినో కాదు, గాలిని. జవాబు చాలావరకు విమానం రెక్కల్లో ఉంది. గల్ఫ్ సంస్థలు దూర ప్రయాణాలకు ఎక్కువగా వాడే బోయింగ్ 777-300ఈఆర్ ఒక్క బిగిన పోగలిగేది, తయారీదారు చెప్పిన లెక్కలో, సుమారు 13,650 కిలోమీటర్లు. దాని ట్యాంకుల్లో 1,81,000 లీటర్ల ఇంధనం పడుతుంది. చెన్నై నుంచి డల్లాస్ తిన్నని దారే 14,900. ఎదురుగాలికీ, చుట్టుదారికీ, దిగబోయే చోట వాతావరణం బాగాలేకపోతే పక్క ఊరికి పోవడానికీ మిగుల్చుకోవాల్సింది వేరే. ఇంత దూరం పోయే విమానాలు లోకంలో లేకపోలేదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటల పైన, రోజూ ఎగురుతున్నాయి. అందుకోసం ఎయిర్‌బస్ ఏ350లో ప్రత్యేకంగా ఒక రకం చేయించుకున్నారు, సీట్లు తగ్గించుకున్నారు, అందులో చవక తరగతి లేనే లేదు. దూరం పెరిగేకొద్దీ ఇంధనాన్ని మోయడానికే ఇంధనం కాలుతుంది. ఆవకాయ సీసాలతో పోయే మాలాంటి వాళ్ళతో ఆ ఖర్చు గిట్టదు.

పోనీ ఉత్తరం దారిన పోగలిగినా టిబెట్ అడ్డం. అక్కడి పీఠభూమి సగటున 4,500 మీటర్ల ఎత్తు. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే సుమారు 3,000 మీటర్లకు దించాలి, ఎందుకంటే ప్రయాణికుల తలల మీద వేలాడే ఆక్సిజన్ పావుగంట పైన పెద్దగా రాదు. టిబెట్ మీద 3,000 మీటర్లకు దించితే ఉండేది ఆకాశం కాదు, నేల. అందుకని విమానాలు ఆ ప్రాంతాన్ని వీలైనంత తప్పించుకుని పోతాయి.

ధ్రువం మీది దారి మాత్రం ఊహ కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు మొదటి నేరు విమానం నడిపినప్పుడు, దాదాపు 14,000 కిలోమీటర్లు, ఉత్తర ధ్రువం మీదుగానే తెచ్చారు. నడిపినవాళ్ళు నలుగురూ స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ బృందంలో ఒకరి పేరు పాపగారి తన్మయి. ఆ పేరు పేపర్లో చూసినప్పుడు నేను ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకు కూడా నేరు విమానం వేశారు, కొంతకాలానికి ఆపేశారు. చెన్నైకి అంతవరకూ కూడా రాలేదు. 2007 నుంచి కొన్నేళ్ళు జెట్ ఎయిర్‌వేస్ చెన్నైలో లేచిన విమానాన్ని బ్రసెల్స్‌లో ఆపి ఉత్తర అమెరికాకు పంపేది. 2016లో బ్రసెల్స్ మజిలీ పోయింది, 2019లో ఆ సంస్థే ఆగిపోయింది.

చెన్నైకి ఇదంతా కొత్త కాదు. 1932 అక్టోబరులో జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం తెచ్చాడని అందరికీ తెలుసు. ఆ సంచులు బొంబాయిలో ఆగిపోలేదు. నెవిల్ విన్సెంట్ వాటిని బళ్ళారిలో ఆగి మద్రాసు దాకా తెచ్చాడు. మద్రాసు చేరాలన్నా మధ్యలో దిగి ఎక్కాల్సిందే అప్పుడు. ఇప్పుడు మద్రాసు నుంచి పోవాలంటే అదే పని.

విమానం లేచాక పెద్దగా చెప్పడానికేం లేదు. కర్ణాటక దాటి, పడమటి తీరం దాటి, చీకట్లో అరేబియా సముద్రం. భోజనం పెట్టారు. సగం మంది అది తినేలోపే నిద్రపోయారు.

దుబాయ్‌లో దిగేసరికి అక్కడి గడియారం అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. విమానం తలుపు దగ్గరే వీల్‌చైర్లు బారులు తీరి ఉన్నాయి. వాటిలో కూర్చున్నవాళ్ళలో నడవలేనివాళ్ళు కొందరే. బోర్డు చదవలేనివాళ్ళు, అడగడానికి భాష లేనివాళ్ళు, తప్పిపోతామని బెదిరిపోయినవాళ్ళు ఎక్కువ. పిల్లలు అమెరికాలో కూర్చుని టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ కావాలని రాసేస్తారు. దీన్ని వేళాకోళం చేసేవాళ్ళు ఉన్నారు, వ్యాసాలు కూడా రాశారు. ఆ టెర్మినల్లో ఒక కొస నుంచి ఇంకో కొసకు మెట్లు దిగి, రైలెక్కి, మళ్ళీ భద్రతా తనిఖీ దాటి, అంకెల వెంట నడిచి పోవడం చదువుకున్న నాకే చెమటలు పట్టించింది. కావలి దగ్గర పల్లెటూరి ఆవిడ, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కినామె, వీల్‌చైర్లోంచి నన్ను పిలిచి అడిగింది.

"అయ్యా, ఇదేనా డల్లాసు?"

"కాదమ్మా, ఇది దుబాయ్. ఇంకా పదహారు గంటలు పోవాల."

"నాలుగ్గంటలు కూర్చున్నాం గదయ్యా!" అంది. ఆ గొంతులో మోసపోయిన కోపం ఉంది. కూతురు ఫోన్లో "మధ్యలో ఒక చోట మారాలమ్మా" అని చెప్పి ఉంటుంది. ఎంత మధ్యలో అని చెప్పలేదు. నిజానికి దుబాయ్ మధ్య కానే కాదు. మొత్తం దారిలో అయిదో వంతు కూడా కాలేదు.

లెక్క చూస్తే దుబాయ్ మీదుగా పోవడం వల్ల పెరిగే దూరం విచిత్రంగా తక్కువ. చెన్నై నుంచి దుబాయ్ 2,900 పైచిలుకు, దుబాయ్ నుంచి డల్లాస్ 12,900 పైచిలుకు. కలిపితే 15,850 దగ్గర. తిన్నని దారికన్నా తొమ్మిది వందల యాభై కిలోమీటర్లే ఎక్కువ, గంటకు కాస్త పైన ఎగిరితే తీరిపోయేది. గల్ఫ్ విమానాశ్రయాలు ఇలా బలిసింది అందుకే. భూగోళం మీద అవి ఉన్న చోటు అలాంటిది. మనకు దండగయ్యేది ఆ వెయ్యి కిలోమీటర్లు కాదు, దిగడం, నడవడం, తనిఖీ, కూర్చోవడం, మళ్ళీ ఎక్కడం. మాకు రెండు గంటల పది నిమిషాల వ్యవధి ఉంది. అందులో కూర్చున్నది పావుగంట.

రెండో విమానం తెల్లవారుజామున 2:40కి లేచింది. ముందు సీటు వెనకున్న తెరమీద పటం పెట్టుకుని కూర్చున్నాను. అది నా బలహీనత. మా ఆవిడ సినిమా పెట్టుకుంది. ఇరాన్, కాస్పియన్ సముద్రం, రష్యా. అమెరికా, యూరప్ సంస్థల విమానాలకు 2022 నుంచి రష్యా ఆకాశం మూసేశారు. గల్ఫ్ సంస్థలకూ మనవాళ్ళకూ తెరిచే ఉంది. ఇటు 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు పాకిస్తాన్ తన ఆకాశం మూసేసింది. ఆ దెబ్బకు ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని దారిలో వియన్నా లాంటి చోట దిగి ఇంధనం పోసుకోవాల్సి వచ్చింది. చెన్నై, దుబాయ్‌ల మధ్య దారికి పాకిస్తాన్ అడ్డం రాదు కాబట్టి మాకు ఆ బాధ లేదు. అలాగని గల్ఫ్ దారి గట్టిదనీ అనలేం. 2025 జూన్‌లో ఇరాన్ గొడవలో ఖతార్ ఒక రాత్రి తన ఆకాశం మూసేస్తే, దోహాకు పోవాల్సిన విమానాలు ఎక్కడివక్కడ చెల్లాచెదురయ్యాయి. రెండు ఊళ్ళ మధ్య కిలోమీటర్లు ఎన్నటికీ మారవు. గంటలను మాత్రం రాజులు మారుస్తారు.

గాలులు కూడా మారుస్తాయి. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు గాలి నది మాదిరి పారుతూ ఉంటుంది. అమెరికా పోయేటప్పుడు దానికి ఎదురీదాలి, వచ్చేటప్పుడు అదే తోస్తుంది. అందుకే దుబాయ్ నుంచి డల్లాస్‌కి పదహారు గంటలు పడితే, డల్లాస్ నుంచి దుబాయ్‌కి గంట, గంటన్నర తక్కువే పడుతుంది. దూరం అంగుళం మారలేదు. ఈ కిటుకుతోనే 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోయే విమానాన్ని అట్లాంటిక్ మానేసి పసిఫిక్ వైపు తిప్పింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది. గాలి వెనకనుంచి వచ్చింది మరి. దూరమూ కాలమూ ఒకటేనని పిల్లలకు లెక్కల పుస్తకంలో నేర్పిస్తాం. వేగం స్థిరం అనే మాట చిన్నక్షరాల్లో ఉంటుంది.

నాకు జీవితంలో మరిచిపోలేనిది అప్పుడు మొదలైన తెల్లవారు. లేచిన మూడు, నాలుగు గంటలకు రష్యా మీద ఉండగా కిటికీ మూత కాస్త ఎత్తి చూస్తే తూరుపు ఎర్రబడుతోంది. కాసేపటికి సూర్యుడు వచ్చాడు. ఇక తెల్లారిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. రెండు గంటల తర్వాత చూస్తే సూర్యుడు అదే ఎత్తులో ఉన్నాడు. స్కాండినేవియా దాటాం, అట్లాంటిక్ మీదికి వచ్చాం, అదే ఉదయం. కింద గ్రీన్‌లాండ్ అని తెరమీద రాసింది, తెల్లగా, మబ్బో మంచో తెలియకుండా. అప్పుడూ అదే ఉదయం.

ఇది ఎందుకో నాకు తెలుసు, ఏళ్ళ తరబడి చెప్పాను. భూమధ్యరేఖ దగ్గర భూమి ఉపరితలం గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ వేగం సగం, అంటే 835. మా విమానం ఇంచుమించు అదే వేగంతో, అదే అక్షాంశం పైన, భూమి తిరిగే దిక్కుకు ఎదురుగా పడమటికి పోతోంది. భూమి మమ్మల్ని ఎంత ముందుకు తిప్పుతోందో మేము అంత వెనక్కి పోతున్నాం. సూర్యుడి లెక్కలో మేము కదలకుండా ఉన్నాం. బోర్డుమీద సుద్దముక్కతో గీసి చెప్పిన పాఠం అది. గీసినవాణ్ణే అయినా, పొద్దున్న ఆరుగంటల వెలుతురు పది గంటల సేపు అలా నిలబడి ఉండడం చూస్తే నోట మాట రాలేదు. మా ఆవిణ్ణి లేపి చూపించాను. "కాఫీ ఇస్తారేమో అడగండి," అంది. న్యాయమే. ఉదయమైతే కాఫీ ఉండాలి.

కెనడా మీదికి వచ్చేసరికి కాళ్ళు నావి కావన్నట్టున్నాయి. వెనక గ్యాలీ దగ్గర నిలబడేవాళ్ళ గుంపు చేరింది. అందరం ఏదో పాత చుట్టరికం ఉన్నట్టు మాట్లాడుకున్నాం. ఎవరి పిల్లలు ఎక్కడ, ఏ వీసా, ఎన్నాళ్ళుంటారు. నాకు అక్కడ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకొచ్చారు. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1920ల మొదట్లో ఓడలో బోస్టన్ పోయాడాయన. ఫోలిక్ యాసిడ్‌ని, క్యాన్సర్‌కి వాడే మందుల్ని లోకానికి ఇచ్చిన పనిలో ఆయన చెయ్యి ఉంది. 1948లో అమెరికాలోనే పోయాడు. మధ్యలో ఒక్కసారీ ఇంటికి రాలేదు. భార్య ఇక్కడే ఉండిపోయింది. మేము ఇరవై గంటలు కూర్చోలేక గింజుకుంటున్నాం. ఆయనకు దారిలో వారాలు పట్టాయి, తిరిగి వచ్చే దారి మిగల్లేదు.

డల్లాస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 1974లో తెరిచారు. విస్తీర్ణంలో న్యూయార్క్ మన్‌హటన్ దీవికన్నా పెద్దది. పైనుంచి చూస్తే రన్‌వేలే ఓ ఊరంత. స్థలం లేక నది మీద వంతెన కట్టుకున్న మా మీనంబాకం గుర్తొచ్చి కాస్త ఉడుకుబోతుతనం కలిగింది. 9:40కి దిగాం. ఇమ్మిగ్రేషన్ లైను, సామాను, ఆవకాయ గురించి ప్రశ్న, బయట మనవడు. ఫ్రిస్కోలో ఇంటి గుమ్మం ఎక్కేసరికి పన్నెండున్నర దాటింది. నెల్లూరులో ఇంటి తాళం వేసి అప్పటికి ముప్పై మూడు గంటలు. అందులో గాలిలో ఉన్నది ఇరవై పైన. తిన్నని దారిలో గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల చొప్పున పోతే పట్టేది పదహారున్నర. అంటే మా ప్రయాణంలో దూరానికి చెల్లించింది సగం, మిగతా సగం రోడ్లకూ, లైన్లకూ, గాలికీ, మజిలీకీ.

కావలి ఆవిడ కూడా మాతోపాటే బయటికొచ్చింది. అల్లుడు వచ్చి సామాను తీసుకుంటుంటే నన్ను చూపించి ఏదో చెప్పింది. ఆయన దణ్ణం పెట్టాడు.

మా వైపునుంచి పెద్దవాళ్ళకు టికెట్లు తీసే పిల్లలకు ఒక్క మాట. ఏ దారిన పోయినా కిలోమీటర్ల తేడా కొద్దిపాటిదే, దాన్ని చూడకండి. బయల్దేరే టైము, చేరే టైము పక్కపక్కన పెట్టి తీసివేత చెయ్యకండి, ఆ అంకె అబద్ధం చెబుతుంది. మధ్య మజిలీ ఎన్ని గంటలో చూడండి. రెండు గంటలైతే పరుగు, ఏడెనిమిదైతే నడుములు పోతాయి. నాలుగైదు వేలు ఎక్కువైనా మూడు గంటల మజిలీ ఉన్నదే తీయండి. వీల్‌చైర్ తప్పకుండా రాయించండి, ఎవరేమన్నా సరే. మధ్యలో దిగే ఊరి పేరు, అక్కణ్ణుంచి ఇంకా ఎన్ని గంటలు పోవాలో పెద్ద తెలుగక్షరాల్లో ఒక కాగితం మీద రాసి అమ్మ చేతిసంచిలో పెట్టించండి.